స్కాన్ అయిన పుస్తకాలకి వివరాలు తెలుగులో ఎక్కించాలా, ఇంగ్లీషు అక్షరాల్లోనా?

గట్టుమీద_గ్రంథం
మా ఊళ్ళో స్వాతంత్ర్యానికి ముందు పెట్టిన గ్రంథాలయం ఒకటుంది, పేరు ఇప్పుడు వద్దు. పాత పుస్తకాలు పేజీ తిప్పితే చాలు పొడిపొడి అవుతున్నాయని చందాలు వేసుకుని ఒక ఏజెన్సీ చేత స్కాన్ చేయించాం. బొమ్మలు బాగానే వచ్చాయి. తలనొప్పంతా వాళ్ళిచ్చిన ఎక్సెల్ ఫైలుతో. పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో, అవి కూడా ఎంట్రీ చేసిన కుర్రాడికి ఆ పూట ఎలా తోస్తే అలా. ఒకే శతకం మూడు చోట్ల మూడు స్పెల్లింగులతో ఉంది. రచయిత కాలమ్‌లో చాలా చోట్ల ఉత్త "శ్రీ" అని ఉంది, ఆ తర్వాత ఏమీ లేదు. సంవత్సరం కాలమ్ నిండా సున్నాలు. ఫలానా పుస్తకం కావాలని ఎవరైనా వస్తే పీడీఎఫ్‌లు ఒక్కొక్కటీ తెరిచి చూడాల్సి వస్తోంది, ఈమాత్రం దానికి బీరువాలో వెతుక్కోవడమే నయం.

కమిటీలో రెండు వర్గాలయ్యాయి. అధ్యక్షులవారు ఇంగ్లీషులో ఉంటేనే గూగుల్‌కి దొరుకుతుంది అంటారు. నేను తెలుగులో మళ్ళీ ఎక్కిద్దాం అంటాను. ఏది సరి? ఎక్కించేటప్పుడు ఏమేం రాయాలి?

అటకమీద_అట్ట
రచయిత "శ్రీ" అయితే మహా కవి అన్నమాట, తిక్కన కన్నా ఎక్కువ రాసుంటాడు.

కార్డుకేటలాగు
ముప్పై ఏళ్ళు కేటలాగింగ్ చేసి రిటైరయ్యాను, కాస్త పొడుగ్గానే చెప్తాను.

ఇది మీ ఊరి గోల ఒక్కటే కాదు. 2000 తర్వాత డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా (డీఎల్ఐ) పని మొదలైనప్పుడు వెనక ఉన్నది కార్నెగీ మెలన్ వాళ్ళ మిలియన్ బుక్స్ ప్రాజెక్టు, దాన్ని నడిపినవారు మన చిత్తూరు జిల్లాలో పుట్టిన రాజ్ రెడ్డి గారు. బెంగళూరు ఐఐఎస్‌సీ, హైదరాబాదు ట్రిపుల్ ఐటీ లాంటివి ముఖ్య కేంద్రాలు. వేల తెలుగు పుస్తకాలు ఎక్కాయి. అవి లేకపోతే ఈరోజు మనం చూసేవాటిలో సగం ఎక్కడా కనబడవు, ఆ దణ్ణం ముందే పెట్టేస్తున్నాను. కానీ అప్పుడు పేజీల మీద పెట్టిన శ్రద్ధ పేర్ల మీద పెట్టలేదు. తర్వాత కాపీరైటు గొడవలతో ఆ సైటు మూతపడింది. పుస్తకాలు చాలామటుకు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లోకి చేరాయి, వాటితోపాటు ఆ పేర్లూ అలాగే చేరాయి. ఇప్పటికీ "ఇన్.ఎర్నెట్.డీఎల్ఐ.2015" అని మొదలయ్యే నంబరున్న ఏ తెలుగు పుస్తకమైనా తెరిచి కింద వివరాలు చూడండి. బార్‌కోడ్ ఉంటుంది, మొత్తం పేజీలుంటాయి, ఏ లైబ్రరీ నుంచి వచ్చిందో ఉంటుంది. పుస్తకం పేరు దగ్గరికి వచ్చేసరికి చదివినవాడికి నాలిక తిరగదు.

మీ ప్రశ్నకి జవాబు: ముఖపత్రం మీద ఎలా అచ్చయి ఉందో అలా, తెలుగు లిపిలో. ఇంగ్లీషు అక్షరాలది వేరే కాలమ్. తెలుగు పేరు ఉండాల్సిన చోట ఇంగ్లీషుది పెట్టకండి.

కోడ్_కోనసీమ
ఈ కాలంలో ఇంకా కాలమ్‌లు, కార్డులు ఏంటండీ. అన్నీ ఓసీఆర్ చేసి, అంటే బొమ్మలోని అక్షరాల్ని కంప్యూటర్ చేత చదివించి పారేయండి, పుస్తకం లోపలి పాఠమే వెతకొచ్చు. గూగుల్ డ్రైవ్‌లో వేస్తే తెలుగు బాగానే చదువుతోంది, టెసరాక్ట్ అనే ప్రోగ్రాం అయితే ఉచితం. మనిషి కూర్చుని టైటిల్ టైపు చేసే రోజులు పోయాయి.

బండి_ర
కోనసీమ బ్రో, 1910ల నాటి లెటర్‌ప్రెస్ పుస్తకం ఎప్పుడైనా ఓసీఆర్ చేశారా? వెనక పేజీ సిరా ఇవతలికి కనబడుతుంటుంది, ఒత్తులు విరిగిపోయి ఉంటాయి, అరసున్న చుక్క అయిపోతుంది, ఱ కాస్తా ఇంకేదో అయిపోతుంది. వికీసోర్స్‌లో పేజీలు దిద్దుతుంటాను కాబట్టి చెప్తున్నా, కొన్ని పేజీలు దిద్దడం కన్నా మొదట్నుంచి టైపు చేసుకోవడమే సుఖం.

కోడ్_కోనసీమ
వంద శాతం ఉండాలని ఎవరన్నారు? నూటికి ఎనభై మాటలు సరిగ్గా వస్తే వెతకడానికి చాలు కదా. అసలేమీ లేకపోవడం కన్నా నయమే.

కార్డుకేటలాగు
వెతకడానికి చాలు, ఒప్పుకుంటాను. దొరికింది ఏమిటో చెప్పడానికి చాలదు. కన్యాశుల్కమే తీసుకోండి. నాటకం ఆడింది 1892లో, మొదటి కూర్పు అచ్చయింది 1897లో, గురజాడ దాన్ని పెంచి తిరగరాసిన రెండో కూర్పు 1909లో. ఈ రెండూ ఇంచుమించు రెండు వేరు నాటకాలు. మీ ఓసీఆర్‌లో "గిరీశం" అని కొడితే రెండూ వస్తాయి, తర్వాత అచ్చువేసినవాళ్ళ కూర్పులు ఇంకో పది వస్తాయి. ఏది ఏ కూర్పో ఎవరు చెప్తారు? పరిశోధన చేసే పిల్ల తెలియక 1909 పాఠాన్ని 1897 అని ఉటంకించి కూర్చుంటుంది. కూర్పు సంఖ్య, సంవత్సరం, అచ్చుకూటం, ఈ మూడూ రాయని రికార్డు ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే.

డల్లాస్_దొడ్డమ్మ
ఆర్కైవ్‌లో చాలా పాత తెలుగు స్కాన్ల కింద ఓసీఆర్ అన్నచోట "లాంగ్వేజ్ నాట్ కరెంట్లీ ఓసీఆరబుల్" అని ఉండేది, గుర్తుందా? అలాంటివాటికి లోపలి పాఠంలో వెతకడమే లేదు, పైనున్న పేరే దిక్కు. ఆ పేరు తప్పయితే పుస్తకం పోయినట్టే.

కోడ్_కోనసీమ
సరే సరే, రెండూ కావాలి అంటాను. కానీ ఆ పేరు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంటే నష్టమేంటి? ఫోన్‌లో జనం టైపు చేసేది అలాగే కదా.

యూనికోడ్_యాదగిరి
నష్టం చెప్త విను అన్నా. తెలుగులో ఉన్నదాన్ని ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చుడు చిన్న ప్రోగ్రాం పని, ఐఎస్ఓ 15919 అని 2001 నుంచి పద్ధతి ఉన్నది, ఒక్క అక్షరం పోదు. ఉల్టా చెయ్యాలంటే కాదు. పీ, ఏ, టీ, ఏ అని రాసి పెట్టినవ్ అనుకో, అది పాటనా, పాతనా? దీర్ఘం లేదు, ట కి త కి తేడా లేదు. మిషన్ కాదు గదా మనిషి కూడా పుస్తకం తెరవకుండ చెప్పలేడు. అందుకే తెలుగుల ఎక్కించు, ఇంగ్లీషు కాలమ్ ప్రోగ్రాంతో పుట్టించు. అధ్యక్షులవారికి కూడ పేచీ ఉండదు.

గట్టుమీద_గ్రంథం
యాదగిరి గారూ, ఈ ఒక్క ముక్కతో మీటింగ్ గెలిచేస్తాను. స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

అటకమీద_అట్ట
అధ్యక్షులవారు ఈ ఫోరంలో లేరని గ్యారంటీనా 😀

పుస్తకాలపురుగు
రచయితల పేర్ల సంగతి ఎవరూ ఎత్తలేదే. మన ఇంటిపేరు ముందొస్తుంది, సాఫ్ట్‌వేరేమో చివరి మాటని ఇంటిపేరు అనుకుంటుంది. విశ్వనాథ సత్యనారాయణ గారు ఒకచోట స దగ్గర, ఒకచోట వ దగ్గర, ఇంకోచోట "వి. సత్యనారాయణ" అయి ఊళ్ళో ఉన్న సత్యనారాయణలందరితో కలిసిపోయి ఉంటారు. కలంపేర్లు సరేసరి. శ్రీశ్రీ అని వెతికితే శ్రీరంగం శ్రీనివాసరావు పేరుతో ఎక్కించినవి రావు. గుడిపాటి వెంకటచలం అంటే చలం రాడు.

కార్డుకేటలాగు
దానికే అథారిటీ ఫైలు ఉండేది. ఒక మనిషికి ఒక ఖరారు పేరు, మిగతా రూపాలన్నీ దాని దగ్గరికి "చూడుము" అని దారి చూపేవి. ఇప్పుడు ఆ పని వికీపీడియా వాళ్ళ సమాచార గిడ్డంగి వికీడేటాలో ఒక్కొక్కరికీ ఉండే నంబరుతో చెయ్యొచ్చు. కాలమ్‌లో పేరు పక్కన ఆ క్యూ నంబరు ఒక్కటి వేసుకుంటే పేరు ఏ స్పెల్లింగులో ఉన్నా మనిషి ఒక్కడే. మీ గ్రంథాలయంలో రచయితలు కొన్ని వందలమంది ఉంటారేమో, ఒక పట్టిక తయారు చేసుకుంటే ఆ తర్వాత టైపు చెయ్యక్కర్లేదు, ఎంచుకోవడమే.

బండి_ర
ముఖపత్రం మీద ఉన్నట్టే రాయమన్నారు బానే ఉంది. అక్కడ "కన్యాశుల్కము" అని ఉంటుంది, జనం "కన్యాశుల్కం" అని కొడతారు. "గుఱ్ఱము" అని ఉంటుంది, వీళ్ళు "గుర్రం" అంటారు. పైగా పాత పుస్తకాల్లో సగం "శ్రీమదాంధ్ర" తో మొదలవుతాయి, అకారాది పట్టిక వేస్తే శ దగ్గర తిరునాళ్ళ జాతరే.

యూనికోడ్_యాదగిరి
చూపించేది ఒకటి, వెతికేది ఇంకోటి. చూపించేటప్పుడు ముఖపత్రం మీద ఎట్లున్నదో అట్లనే. లోపల వెతికే ఇండెక్స్‌ల ఱ ని ర చెయ్యి, అరసున్న తీసెయ్యి, చివర ము ఉంటే సున్న రూపం కూడ పెట్టు. ఇంకొకటి చాలామందికి తెల్వదు, కంటికి కనబడని అక్షరం ఒకటి ఉంటది, జీరో విడ్త్ నాన్ జాయినర్. "రాజ్‌కుమార్" అని ఒకరు అది పెట్టి కొడతరు, ఒకరు పెట్టరు. కంప్యూటర్‌కి రెండు వేరే మాటలు. ఇండెక్స్‌ల దాన్ని కూడ తీసెయ్యాలె.

కార్డుకేటలాగు
జనం నోట్లో నలిగిన పేరు కోసం, కేటలాగు రికార్డులు రాసే మార్క్ పద్ధతిలో 246 అని వేరే గడి ఉంది. 245 లో ముఖపత్రం పేరు, 246 లో మిగతా పేర్లు. శ్రీమదాంధ్ర తీసేసిన పేరు కూడా అందులో పడేయండి.

డీటీపీ_దాసు
మధ్యలో దూరుతున్నా. పాతవాటి సంగతి ఇంత మాట్లాడుతున్నారు, 1990ల నుంచి వచ్చిన పుస్తకాల సంగతేంటి? చాలామటుకు అను అనే, యూనికోడ్ కాని ఫాంట్లలో కంపోజ్ చేసినవి. పీడీఎఫ్ చూడ్డానికి అచ్చ తెలుగు, కాపీ చేసి ఇంకోచోట పేస్ట్ చేస్తే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన పిచ్చి గీతలు. వందేళ్ళ పుస్తకం కన్నా పాతికేళ్ళ పుస్తకమే వెతకడానికి మొండి.

గట్టుమీద_గ్రంథం
సంవత్సరాల సంగతి చెప్పండి ముందు. ఈరోజు ఒకటి పట్టుకున్నా. ముఖపత్రం పైసగం చెదలు తినేసింది. కింద "చెన్నపురి" అని ఉంది, "రక్తాక్షి సంవత్సరము" అని ఉంది, "వెల 0-12-0" అని ఉంది. ఏజెన్సీ వాళ్ళు సంవత్సరం దగ్గర సున్నా కొట్టారు. ఏం రాయాలి?

పుస్తకాలపురుగు
రక్తాక్షి అంటే 1924 ఉగాది నుంచి 1925 ఉగాది దాకా. అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తుంది కాబట్టి 1864 కావచ్చు, 1984 కావచ్చు. వెల అణాల్లో ఉంది కనుక 1984 కాదు. 1957 ఏప్రిల్ 1 నుంచి నయాపైసలు వచ్చేశాయి, ఆ తర్వాత పన్నెండణాలని వేసేవాళ్ళు తగ్గిపోయారు. 1864నా 1924నా అన్నది అక్షరాల అచ్చు, కాగితం చూస్తే తేలిపోతుంది. "1924-25" అని చదరపు బ్రాకెట్లలో వేసి పక్క కాలమ్‌లో "రక్తాక్షి" అని ఉన్నదున్నట్టు రాయండి. మనం లెక్కగట్టింది ఏదో, పుస్తకం మీదున్నది ఏదో తర్వాత చూసేవాడికి తెలియాలి.

మూసీ_ఒడ్డున
తెలంగాణ పుస్తకాలకైతే ఇంకో మెలిక ఉంటది. నిజాం రాజ్యంల అచ్చయినవాటి మీద ఫసలీ సంవత్సరం ఉంటది. 1347 ఫసలీ అంటే 590 కలుపుకోవాలె, 1937-38 అన్నట్టు. ఒక లిస్టుల ఉన్నదున్నట్టు 1347 అని ఎక్కించి ఉన్నది, చూసి నవ్వాలో ఏడ్వాలో అర్థం కాలే. గుటెన్‌బర్గ్ పుట్టకముందే మన దగ్గర ప్రెస్సు నడిచినట్టు.

అటకమీద_అట్ట
చెప్పొద్దు చెప్పొద్దు, వాట్సాప్‌లో పడితే "ప్రపంచంలో మొదటి అచ్చుయంత్రం మనదే" అని రేపటికి మా బాబాయి నాకే పంపిస్తాడు.

డల్లాస్_దొడ్డమ్మ
😂😂 మా పెదనాన్న ఆల్రెడీ టైపు చేస్తూ ఉంటాడు.

ముఖపత్రం పోయినవాటికి ఒక మాట. 1962 నుంచి పీఎల్-480 పథకం కింద మన పుస్తకాలు అమెరికా యూనివర్సిటీలకి, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి కట్టలు కట్టలుగా వచ్చాయి, అమెరికా మనకి పంపిన గోధుమల బాకీ కింద. ఒక్కోదానికి ఒళ్ళు దగ్గర పెట్టుకుని రికార్డు రాశారు, దీర్ఘాల మీద గీతలతో సహా. వాళ్ళ కేటలాగు ఇంట్లో కూర్చుని ఎవరైనా చూడొచ్చు. మీ దగ్గరున్న పుస్తకం అక్కడ ఉంటే పేజీల సంఖ్య, సైజు పోల్చి చూసుకోండి, పోయిన వివరాలు దొరుకుతాయి. అంతకు ముందు పుస్తకాలకి కూడా తర్వాతి ముద్రణల రికార్డులు ఉంటాయి.

కార్డుకేటలాగు
బంగారంలాంటి మాట. కోహా అనే ఉచిత గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ వేసుకుంటే ఆ రికార్డులు జెడ్39.50 అనే పద్ధతి ద్వారా నేరుగా లాక్కోవచ్చు కూడా.

ఊరు "చెన్నపురి" అని ఉంటే అలాగే ఉంచండి, ఇప్పటి పేరు వేరేగా వేయండి. బెజవాడ, రాజమహేంద్రవరము, ఏకశిలానగరము, ఇవన్నీ వస్తాయి. కొట్టేసి విజయవాడ అని దిద్దకండి.

తాటాకు
ముఖపత్రం పోయిందని బాధపడుతున్నారు, మా తాళపత్రాలకి అసలు ముఖపత్రమే ఉండదు. పేరు, కవి, తండ్రి పేరు అన్నీ ఆశ్వాసం చివర గద్యలో ఉంటాయి. ఆ ఆఖరి ఆకు ఎలకలు కొట్టేస్తే ఇక గోవిందా.

పుస్తకాలపురుగు
గట్టుమీద గారూ, ఒకటి తప్పకుండా చూడండి. పాత గ్రంథాలయాల్లో చిన్న పుస్తకాలు నాలుగైదు కలిపి ఒకే కాలికో బైండు చేయించేవాళ్ళు, ఖర్చు కలిసొస్తుందని. స్కాన్ చేసినవాళ్ళు దాన్ని ఒక పీడీఎఫ్ చేసి మొదటి పుస్తకం పేరు ఒక్కటే పెడతారు. వెనకున్నవి శాశ్వతంగా మాయం. పేజీ నంబర్లు మధ్యలో మళ్ళీ 1 నుంచి మొదలైతే అదే గుర్తు.

గట్టుమీద_గ్రంథం
ఇప్పుడే ఒక లావు ఫైలు తెరిచాను. మొదట ఒక శతకం, 72 పేజీల తర్వాత మళ్ళీ 1, అది హరికథ. దాని తర్వాత ఒక వైద్య పుస్తకం! ఎక్సెల్‌లో శతకం ఒక్కటే ఉంది. ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో దేవుడికెరుక. ఫైలుని ముక్కలు చేయమంటారా?

పుస్తకాలపురుగు
వద్దు. ఫైలు అలాగే ఉంచి మూడు రికార్డులు రాయండి. ప్రతిదాంట్లో ఫలానా ఫైలు, ఫలానా పేజీ నుంచి ఫలానా పేజీ అని. ప్రవేశ సంఖ్య, అంటే గ్రంథాలయ రిజిస్టర్లో వేసిన నంబరు, మూడింటికీ ఒకటే. రేపెవరైనా అసలు పుస్తకం బీరువాలో చూడాలంటే అదే ఆధారం.

కోడ్_కోనసీమ
సాఫ్ట్‌వేర్ నేను చెప్తా, ఇది నా ఏరియా. డీస్పేస్. ఎంఐటీ, హెచ్‌పీ కలిసి 2002లో తెచ్చినది, ఉచితం, పీడీఎఫ్‌లు పెట్టుకోవడానికే పుట్టింది. లోపల వివరాలు రాయడానికి డబ్లిన్ కోర్ అనే గడుల పట్టిక ఉంటుంది. రికార్డులు పంచుకునే ఓఏఐ-పీఎంహెచ్ అనే పద్ధతి ఉంది కాబట్టి వేరే సైట్లు మీ రికార్డులు కోసుకుపోవచ్చు, నేషనల్ డిజిటల్ లైబ్రరీ లాంటివాళ్ళు పుస్తకాలు కాకుండా వివరాలే తమ దగ్గర పెట్టుకుని లింకు మీకు ఇస్తారు.

కార్డుకేటలాగు
డబ్లిన్ కోర్ అంటే పదిహేను గడులు. కూర్పుకి గడి ఏది? అచ్చుకూటానికి ఏది? నేనైతే కోహా, మార్క్ 21 అంటాను. అదీ కాకపోతే కేంద్ర ప్రభుత్వ ఎన్ఐసీ వాళ్ళ ఈ-గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ ఉండనే ఉంది.

కోడ్_కోనసీమ
మాస్టారూ, ఊరి లైబ్రరీలో మార్క్ 21 నేర్పించేది ఎవరు? 245 డాలర్ ఏ, డాలర్ బీ, డాలర్ సీ అంటే వాలంటీర్లు రెండో రోజు రారు. గడి లేకపోతే డీస్పేస్‌లో కొత్త గడి పెట్టుకోవచ్చు, ఎవరూ కాదనరు.

మూసీ_ఒడ్డున
మీ ఇద్దరు కొట్లాడుకునేలోపు ఆయన రిటైర్ అయితడు. సర్వర్‌కి నెలనెలా పైసలు కట్టేదెవరు, పాడైతే బాగు చేసేదెవరు? మా దగ్గర ఒక సంస్థ సాఫ్ట్‌వేర్ పెట్టిచ్చింది, పెట్టిన పిల్లగాడు ఉద్యోగం వచ్చి పోయిండు, పాస్‌వర్డ్ కూడ ఆనితోనే పోయింది. మంచి ఎక్సెల్ షీటు ఒకటి, దాని కాపీ మూడు చోట్ల. రేపు ఏ సాఫ్ట్‌వేర్‌లకైనా అదే పోతది.

కార్డుకేటలాగు
ఎక్సెల్ అన్నందుకు కడుపు మండింది కానీ మూసీ గారు చెప్పింది న్యాయమే. షీటు శుభ్రంగా ఉంటే కోహాలోకీ పోతుంది, డీస్పేస్‌లోకీ పోతుంది. చెత్త షీటు ఎక్కడికి పోయినా చెత్తే.

బండి_ర
కాపీరైటుని పుణ్యం కొద్దీ వదిలేశాం. రచయిత చనిపోయిన సంవత్సరం కాలమ్ పెట్టండి. మన చట్టం ప్రకారం పోయిన మరుసటి ఏడాది జనవరి నుంచి 60 ఏళ్ళు హక్కులుంటాయి. గురజాడ 1915లో పోయారు, ఏ చింతా లేదు. విశ్వనాథ 1976, అంటే 2036 ఆఖరు దాకా బయట పెట్టడానికి లేదు. శ్రీశ్రీ 1983, ఇంకా దూరం. పుస్తకం పాతది కదా అని పెట్టేయకూడదు, 1930లో అచ్చయినా రచయిత 1980 దాకా బతికుంటే హక్కులు ఉన్నట్టే. పాత డీఎల్ఐ రికార్డుల్లో "అవుట్ ఆఫ్ కాపీరైట్" అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మకండి.

డీటీపీ_దాసు
అనువాదమైతే అనువాదకుడిది కూడా చూడాలి. ముందుమాట రాసినాయనది వేరే. బతికినన్నాళ్ళూ రచయితలకి రాయల్టీ ఇవ్వరు, పోయాక మాత్రం లెక్కలు పక్కాగా వేస్తాం.

గట్టుమీద_గ్రంథం
ఇప్పటిదాకా వచ్చినవన్నీ కలిపి షీటు గీశాను. ముఖపత్రం పేరు, వాడుక పేర్లు, రచయిత, వికీడేటా నంబరు, పోయిన సంవత్సరం, సంపాదకుడు లేక అనువాదకుడు, కూర్పు, ఊరు ఉన్నదున్నట్టు, ప్రచురణకర్త, అచ్చుకూటం, సంవత్సరం ఉన్నదున్నట్టు, సంవత్సరం లెక్కగట్టినది, పేజీలు, వెల, ప్రవేశ సంఖ్య, ఫైలు పేరు, ఫైల్లో పేజీలు. ఇంగ్లీషు అక్షరాల కాలమ్ యాదగిరి గారి ప్రోగ్రాంకి వదిలేశా. విషయం కాలమ్ పెట్టాలా?

కార్డుకేటలాగు
పెట్టండి, కానీ ఎవరికి తోచింది వాళ్ళు రాస్తే మళ్ళీ మొదటికొస్తుంది. శతకం, నాటకం, హరికథ, వైద్యం, జ్యోతిషం అని మీ బీరువాల మీద ఇప్పటికే రాసి ఉంటుంది చూడండి, ఆ మాటలే జాబితాగా పెట్టి అందులోంచే ఎంచుకోమనండి. పుస్తకాల్ని విషయాన్నిబట్టి వర్గీకరించే డ్యూయీ నంబరు కావాలంటే తెలుగు సాహిత్యానికి 894.827, దాని కింద విడగొట్టుకోవడం తర్వాత నేను చేసిపెడతాను. ఎంట్రీ చేసినవాళ్ళ పేరు, తేదీ కూడా ఒక కాలమ్ ఉండాలి, అనుమానం వస్తే ఎవర్ని అడగాలో తెలియాలిగా.

యూనికోడ్_యాదగిరి
షీటు పంపు అన్నా, ఇంగ్లీషు కాలమ్ నేను నింపి ఇస్త. ముందు ఒక్క వంద పుస్తకాలు చేసి చూడుండ్రి, మొత్తం ఒక్కసారి మొదలు పెట్టకుండ్రి.

కోడ్_కోనసీమ
ఓసీఆర్ నేను నడిపిస్తా, పీడీఎఫ్‌ల లింకు ఇవ్వండి. బండి_ర గారు తిట్టకుండా ఉంటే.

బండి_ర
తిట్టను, 1930 తర్వాత అచ్చయినవి ముందు నడపండి. అంతకు ముందువి తిడతాను.

పుస్తకాలపురుగు
షీటు వాలంటీర్లకి ఇచ్చే ముందు వెల కాలమ్ మొత్తం సెలెక్ట్ చేసి టెక్స్ట్ ఫార్మాట్‌లోకి మార్చేయండి. లేకపోతే "1-8-6" అని రూపాయి ఎనిమిదణాల ఆరు పైలు కొట్టగానే ఎక్సెల్ దాన్ని తేదీ చేసేస్తుంది, ఆ తర్వాత అసలు వెల ఎంతో మళ్ళీ పుస్తకం తెరిస్తే గానీ తెలియదు. పేజీలు "12-72" అని కొట్టేచోట కూడా అంతే.